ముగియని యాటలు – అంగడివాని ధర్మము

అమ్మువానికిని కొనువానికిని నడుమ నుండునది త్రాసు మాత్రమే కాదు; మాట కూడ నుండును. బియ్యపు వర్తకుడు మన యెదుటనే తూచి యిచ్చును గావున వాని మాటతో మనకంతగా పనిలేదు. కంసాలికి బంగారమిచ్చి, శ్రావణమాసమునకు గొలుసు చేసి యిమ్మని కూలిలో సగము ముందుగా చెల్లించినప్పుడు మాత్రము మన చేతికి వచ్చునది గొలుసు గాదు, కంసాలి మాట. ఆ మాటకు వెల గలదు. అది చెల్లనినాడు ఆ వెల యెవరు తిరిగి యీయవలెనను ప్రశ్నయు గలదు.

నేటి ఆన్‌లైను అంగళ్లలో వీడియో గేములను ఇట్లే మాటమీద అమ్ముచున్నారు. ఆట సగమే తయారైయుండును. తక్కిన సగము రాగలదని చెప్పి పైకము పుచ్చుకొందురు. చెప్పినవాడు పని మానుకొని వెడలిపోయినను, ఆ సగపుటాట అంగడిలో నట్లే యుండి, మొదటి వెలకే, మొదటి మాటలతోనే అమ్ముడుపోవుచుండుట గలదు. ఇది తగునా? ఆటల గొడవ పిల్లలది, గృహిణులకేల యని సోదరీమణులు ఈ పుట త్రిప్పివేయరాదని మా ప్రార్థన. ఆ వెల మన యింటి పైకము. ఆ మాటను నమ్మునది మన బిడ్డల మనస్సు.

ముందుగా ఈ వర్తకపు రీతిని కొంచెము విశదపఱచెదము. పూర్వము కంప్యూటరు ఆటను పూర్తిగా తయారుచేసి, సీడీలకెక్కించి, పెట్టెలో పెట్టి అమ్మెడివారు. పెట్టె యింటికి వచ్చినపిమ్మట అందున్నదే ఆట. దానికి చేర్చునది సామాన్యముగా నుండెడిది కాదు. ఇప్పుడు ఆట ఇంటర్నెట్టు ద్వారా వచ్చుచున్నది గావున నేడు కొంత, ఆఱు నెలలకింకొంత పంపుట సాధ్యమైనది. అమెరికా దేశమున వాషింగ్టన్ రాష్ట్రమందలి వాల్వ్ అను సంస్థ స్టీమ్ అను ఆటల యంగడిని నడుపుచున్నది. ఆ యంగడి 2013 మార్చి నెలలో "ఎర్లీ యాక్సెస్" అను పద్ధతిని ప్రారంభించెను. పూర్తికాకముందే ప్రవేశమని దాని భావము. కొనినవారు నేటికి తయారైనంతవఱకు ఆడుకొందురు. మీదట తయారగు భాగములు వేఱు వెల లేకుండ వారికి చేరును. నిర్మాతకు చేతిలో పైకమును, ఆడువారి సలహాలును సమకూరును.

ఈ పద్ధతివలన మేలు లేకపోలేదు. ఱాకెట్లను కట్టి ఆకాశమునకు పంపు "కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్" అను ఆటను మెక్సికో నగరమందలి యొక సంస్థ 2011 లో అసంపూర్ణముగనే బయటపెట్టెను. కొనినవారి పైకముతోను ప్రోత్సాహముతోను అది యేటేట పెరిగి 2015 ఏప్రిలులో సంపూర్ణమయ్యెను. భూమి యాకర్షణమును, ఇంధనపు లెక్కలును, ఒక గోళముచుట్టు మఱియొకటి తిరుగు మార్గములును ఆడుచునే తెలిసికొనుటకు వీలగుటచే దానిని బడులలో గూడ వాడిరి. బెల్జియము దేశపు నిర్మాతలు చేసిన "బాల్డర్స్ గేట్ 3" అను ఆటయు 2020 అక్టోబరులో సగముగా వచ్చి, 2023 ఆగస్టులో నిండుగా వెలువడెను. పెద్ద ధనికుల ముంగిట నిలువబడనక్కఱలేకుండ, ఆడువారినే ఆశ్రయించి పని ముగించుట యెంత మంచి యేర్పాటు!

అయితే మొదట చెప్పిన ఱాకెట్ల యాటకు రెండవదిగా వచ్చినదాని కథ వేఱు. "కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ 2" అను పేర అది 2023 ఫిబ్రవరి 24వ తేదీన, సుమారు 50 డాలర్ల వెలకు, అసంపూర్ణముగనే యంగడికి వచ్చెను. ఇతర గోళములమీద నివాసములు కట్టవచ్చుననియు, సూర్యుని విడిచి వేఱు నక్షత్రముల కడకు పోవచ్చుననియు, పలువురు కూడి యాడవచ్చుననియు ముందు రాగల భాగముల పట్టికను చూపిరి. ఆ డిసెంబరులో శాస్త్రప్రయోగముల భాగమొకటి వచ్చెను. 2024 లో ఆ యాటను చేయుచున్నవారు ఉద్యోగములు గోల్పోయిరి. నివాసములు రాలేదు, నక్షత్రములు రాలేదు. ఆట మాత్రము ఆ తరువాతను అంగడిలో అమ్మకమునకుండెను. అట్లే, ఆడువాడు దేవుడై నేలను మలచి జనులను పెంచునట్టి "గోడస్" అను ఇంగ్లండు దేశపు ఆట 2013 సెప్టెంబరులో అసంపూర్ణముగా అమ్మకమునకు వచ్చి, పదియేండ్లు గడచినపిమ్మట, 2023 డిసెంబరులో, అసంపూర్ణముగనే స్టీమ్ అంగడినుండి తొలగెను.

ఇవి దూరదేశపు సంగతులు. మా యింటి సంగతియొకటి చెప్పెదము. మా పెద్దవానికి పదునాలుగవ యేడు. వాడు రెండు సంక్రాంతులకు పెద్దలిచ్చిన పైకమును ఖర్చుచేయక దాచి, తండ్రి యనుమతితో 1,100 రూపాయలకు ఒక యాటను కొనెను. అంగడి పేరును, ఆట పేరును ఇచట అప్రస్తుతములు. ఒక దీవిలో చెఱువు త్రవ్వి, పొలము చేసి, ఊరు కట్టుకొను ఆట యది. రెండవ దీవియు, ఓడరేవును, వానకాలపు వరదలును మున్ముందు రాగలవని అంగడి పుటలో వ్రాసియుండెను. మావాడు మొదటి దీవిని నెలదినములలో కట్టి ముగించి, రెండవదానికొఱకు కనిపెట్టుకొనియుండెను. అది వచ్చునప్పటికి తాను సిద్ధముగా నుండవలెనని లెక్కల నోటుపుస్తకపు వెనుకపుటలలో దానికి పటములు గీసెను. రేవెక్కడ, గట్టెక్కడ, వరద వచ్చినచో నీరు పోవు దారి యెక్కడ – ఇట్టి పటములు పదునేడు. ఎనిమిది నెలలు గడచినపిమ్మట తోడి యాటగాడొకడు చెప్పగా తెలిసినదేమనగా, ఆ నిర్మాత పలుకు వినబడి అప్పటికి మూడేండ్లయినది. మావాడు కొనిననాటికే రెండేండ్లు దాటినది.

మా వారు అంగడివారికి వ్రాసిరి. పైకము వాపసుచేయు గడువు మీఱినదని మర్యాదగా ప్రత్యుత్తరము వచ్చెను. ఆ ప్రత్యుత్తరము వచ్చిననాడును ఆట అదే వెలకు, రెండవ దీవి రానున్నదను మాటతోనే, అమ్మకమునకుండెను. మావాడు పైకము పోయినందుకు ఏడ్వలేదు. "రాదని అంగడివాళ్లకి తెలుసు కదమ్మా, మరి ఎందుకు అమ్ముతున్నారు?" అని మాత్రమడిగెను. సత్యమాడవలెనని పిల్లలకు బోధించు తల్లులము మనము. తెలిసి చెప్పకుండుట అబద్ధమగునా కాదా యని బిడ్డ యడిగినప్పుడు, వర్తకము వేఱు, ధర్మము వేఱు అని చెప్పి తప్పించుకొనుటకు మాకు నోరాడలేదు.

మా వారు ఉపాధ్యాయులు. ఏ వివాదమందైనను రెండవ పక్షమును వినిపింపక విడువరు. "ఆట అసంపూర్ణమని పుటమీద వ్రాసియే యున్నది కదా! కొన్ని యాటలు ఎన్నటికిని పూర్తికాకపోవచ్చుననియు, నేడున్న స్థితిలో నచ్చినచోనే కొనవలెననియు స్టీమ్ అంగడి సయితము ముందుగా హెచ్చరించుచున్నది. హెచ్చరిక విని కొనినపిమ్మట దోషమెవరిది?" అని వారి ప్రశ్న. ఈ వాదమును మేము త్రోసిపుచ్చము. ప్రయత్నించి యోడినవాడు మోసగాడు గాడు. ఒంటరిగా కూర్చుండి ఆట చేయువానికి జబ్బు చేయవచ్చును, పైకము చాలకపోవచ్చును, తలపెట్టిన పని తన శక్తికి మించినదని నడుమ తెలియవచ్చును. అట్టివానిని నిందించుట మా యుద్దేశము గాదు.

కాని పూర్తికాకపోవచ్చునను హెచ్చరిక వేఱు. పూర్తికాదను నిజము వేఱు. పని సాగుచున్నంతకాలము మొదటిది చాలును. పని యాగినపిమ్మట రెండవదానిని చెప్పవలసియున్నది. వాన రావచ్చునని చెప్పి గొడుగు లేకుండ పంపినవానిని క్షమింపవచ్చును గాని, కుండపోతగా కురియుచుండగా కిటికీ మూసి "రావచ్చును" అని చెప్పువాని నెట్లు క్షమింతుము? పని యాగిననాటివఱకు కొనినవారు నిర్మాతతోపాటు కష్టనష్టములలో భాగస్వాములు. ఆ పిమ్మట కొనినవారు భాగస్వాములు గారు. లేని వస్తువునకు వెలయిచ్చినవారు. మఱియు అంగడివాడు ఊరక పలక తగిలించుకొనుటకు గోడ యిచ్చినవాడు గాడు. ప్రతి యమ్మకమునందును భాగము గొనువాడు. స్టీమ్ నందు ఆ భాగము సాధారణముగా నూటికి 30. లాభమున పాలుగలవానికి మాటయందును పాలుండవలదా?

అసంపూర్ణమైనదెల్ల హేయమని మేమనము. మా తండ్రిగారు మాకు ఇంటియొద్దనే భారతము చెప్పిరి. అరణ్యపర్వము నడుమ నన్నయగారి పద్యములు నిలిచి ఎఱ్ఱనగారి పద్యములు మొదలగుచోట వారు పుస్తకము మూసి, ఇచట ఒక మహానుభావుని చేయి యాగినదని చెప్పి, మఱునాడుగాని పాఠము సాగించెడివారు కారు. పదునొకండవ శతాబ్దమున నన్నయ ఆది సభాపర్వములను ముగించి అరణ్యపర్వమున నిలిచెను. పదుమూడవ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలుకొని పదునైదు పర్వములు రచించెను. పదునాలుగవ శతాబ్దమున ఎఱ్ఱన నడిమి కొఱతను పూరించెను. తరతరములు ఆ గ్రంథము అసంపూర్ణముగా నుండెను. అయినను నన్నయవలన నెవ్వరును మోసపోలేదు. ఏలయన, ఆయన యిచ్చినంతవఱకు నిండైనదియే. మిగిలినదానిని పూరింపదలచినవానికి తాటాకులు తెఱచియే యుండెను. సంస్కృతమున బాణుని కాదంబరి సయితము ఆయన కుమారుని చేతనే ముగిసినది.

మనకు మఱింత దగ్గఱ కాలమున కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును సంపుటములుగా ప్రకటింప నారంభించి, అకారమును దాటకమునుపే 1923 లో కాలధర్మము నొందిరి. పిదప కాశీనాథుని నాగేశ్వరరావుగారు ఆ కార్యమును మరల చేపట్టిరి. మొదటి సంపుటమును కొనినవారు మొదటి సంపుటమునకే వెల యిచ్చిరి గాని, రాబోవు సంపుటములకు గాదు. ఆ సంపుటము నేటికిని చదువదగినదే. ఉన్నదానికి వెలగట్టుటకును, రానున్నదానికి వెలగట్టుటకును గల భేదమిదియే. మన వివాదమంతయు దీనియందే యిమిడియున్నది.

ఆటలకు ఎఱ్ఱనలు దొరకుట కష్టము. ఆట లోపలి వ్రాతను సోర్సు కోడు అందురు. అది నిర్మాత యొద్దనే తాళము వేయబడియుండును. ఆయన వెడలిపోయినచో, ఎంతటి సమర్థుడు వచ్చినను చేయి పెట్టుటకు వీలుండదు. ఈ విషయమున "స్పేస్‌బేస్ డీఎఫ్-9" అను ఆట కథ తెలిసికొనదగినది. అమెరికాయందలి డబుల్ ఫైన్ అను సంస్థ దీనిని 2013 అక్టోబరులో అసంపూర్ణముగా అమ్మి, పైకము చాలనందున 2014 లో పని ముగించుచున్నామని బహిరంగముగా చెప్పెను. చెప్పిన భాగములు పెక్కు రాకుండగనే దానిని సంపూర్ణమని పిలుచుట కొనినవారికి ఆగ్రహము కలిగించెను. అది న్యాయమైన యాగ్రహమే. అయినను ఆ సంస్థ ఆట లోపలి వ్రాతలో చాలభాగమును బయటపెట్టుటచే, అభిమానులు కొందఱు తమకుతాముగా దానిని బాగుచేసికొనగలిగిరి. తాళము చేతికిచ్చి వెడలినవాడు తాళము వేసికొని వెడలినవానికంటె మేలుగదా!

ఇట్టి యాటలనన్నిటిని అంగడినుండి ఊడ్చివేయవలెనని కొందఱందురు. ఈ మాట మాకు తొందరపాటుగా తోచుచున్నది. ఆలస్యము వేఱు, విడిచిపెట్టుట వేఱు. "7 డేస్ టు డై" అను ఆట 2013 డిసెంబరులో అసంపూర్ణముగా వచ్చి 2024 జూలైలోగాని సంపూర్ణము కాలేదు. కాని యా పదియేండ్లును పని సాగుచునే యుండెను. కాలమును మాత్రమే చూచి తీర్పు చెప్పినచో ఇట్టివియు మట్టిలో కలియును. అదియుగాక, సగపుటాట సయితము కొందఱికి చాలియుండవచ్చును. మా పెద్దవాడు విడిచిన యా మొదటి దీవినే మా చిన్నది, తొమ్మిదేండ్ల పిల్ల, నేడు దినమున కరగంట ఆడుకొనుచున్నది. రెండవ దీవి యొకటి రావలసియుండెనని దానికి తెలియదు గావున దానికి లోపమేమియు కనబడదు. అదే పడవ, అదే పొలము. ఒకరికి దుఃఖము, ఒకరికి సంతోషము. ఆ భేదమునకు కారణము ఆట గాదు, ఆటతో నమ్మిన మాట.

కావున మా యభిప్రాయమిది. ఆటను తీసివేయనక్కఱలేదు, ఆ మాటను తీసివేయవలెను. నిర్మాణము నిలిచినదని నిర్మాత చెప్పినను, నిర్మాణసంస్థ మూతపడినను, అంగడివాడు ఎన్నిమాఱులు వ్రాసినను జవాబు రాకున్నను, రానున్న భాగముల పట్టికను పుటనుండి తొలగింపవలెను. "ఈ యాట ఇంతే, ఇక పెరుగదు" అని వెల ప్రక్కనే, వెల యంత పెద్ద యక్షరములతో వ్రాయవలెను. ఉన్నదానికి తగినట్లు వెలను తగ్గింపవలెను. అందుకు నిర్మాత యొప్పుకొననిచో, క్రొత్తవారికి అమ్ముట మానవలెను. ముందు కొనినవారి యొద్దనుండి మాత్రము ఆటను లాగికొనరాదు. పని నిలిచినపిమ్మట కొనినవారు కోరినచో, గడువుల మాట యెత్తక, పైకము వాపసుచేయవలెను.

ఇవి యసాధ్యములు గావు. "ది డే బిఫోర్" అను ఆట 2023 డిసెంబరు 7వ తేదీన అసంపూర్ణముగా వచ్చెను. నాలుగు దినములకే నిర్మాణసంస్థ మూతపడినది. అప్పుడు అమ్మకము నిలిపి, ఎంతసేపు ఆడినవారికైనను పైకము వాపసుచేసిరి. లోకమంతయు చూచుచున్నప్పుడు చేయగలిగినపనిని, ఒక పిల్లవాడు ఒంటరిగా అడిగినప్పుడు గూడ చేయవలెననియే మేము కోరునది. 2025 ఫిబ్రవరినుండి స్టీమ్ అంగడి, చాలకాలముగా మార్పులేని యసంపూర్ణపుటాటల పుటలయందు, నిర్మాత కడపటిసారి మార్పు చేసి యెంతకాలమైనదో, అచటి మాటలు పాతబడియుండవచ్చునో చెప్పు సూచనను చూపుచున్నది. ఇది మెచ్చదగిన పని. కాని పాతమాట ప్రక్కన హెచ్చరిక పెట్టుట సగము పని. పాతమాటను తీసివేయుట తక్కిన సగము. ముగియని యాటలకు ముగియని దిద్దుబాటు చాలదు.

అంగళ్లు మాఱునంతవఱకు మనమేమి చేయవలెను? బిడ్డ వచ్చి ఆట కొనిపెట్టుమని యడిగినప్పుడు, వద్దని గాని సరేయని గాని చెప్పుటకు మునుపు, వానితో కూర్చుండి ఆ యంగడి పుటను మనమును చదువవచ్చును. అందు అసంపూర్ణమని యున్నదేమో చూడవలెను. నిర్మాత కడపటిసారి యెప్పుడు వ్రాసెనో ఆ తేదీ చూడవలెను. కొనినవారి యభిప్రాయములలో పాతవి గాక, ఇటీవలివి చదువవలెను. పిదప బిడ్డను ఒక్కటే యడుగవలెను: "దీనికి ఇక నేమియు చేరదనుకో; అయినను ఈ వెల యిత్తువా?" ఇత్తునన్నచో కొనవచ్చును. కొనిన వెంటనే ఆడి చూచుట మంచిది. స్టీమ్ నందు కొనిన 14 దినముల లోపల, రెండు గంటలకంటె తక్కువ ఆడియున్నచో, పైకము వాపసు కోరవచ్చును. ఈ గడువులు అంగడికొక తీరుగా నుండును గావున ముందే చదివికొనవలెను. మన దేశమున 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఆన్‌లైను కొనుగోళ్లకును వర్తించును. జాతీయ వినియోగదారుల సహాయకేంద్రమునకు 1915 అను సంఖ్యకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకొనవచ్చును. ఇంత చిన్న పైకమునకు ఫిర్యాదేమని సిగ్గుపడవలదు. వేయి రూపాయలు సంసారమున చిన్న మొత్తము గాదు. పిల్లవాడు రెండేండ్లు దాచినది అసలే చిన్నది గాదు.

ఆటలు నిర్మించు సంస్థలు నేడు హైదరాబాదులోను గలవు. మన బిడ్డలలో కొందఱు రేపు అట్టి పనిలో ప్రవేశింపవచ్చును. వారికి కోడు వ్రాయుట నేర్పువారు వేఱుగా నున్నారు. చేపట్టిన పనిని ముగింపవలెననియు, ముగింపలేనినాడు ముగింపలేకపోతినని చెప్పుటకు సిగ్గుపడరాదనియు నేర్పవలసినది మనమే. దూరదేశపు అంగళ్లవారికి ఈ నీతి నేర్పుట మన చేతిలో లేదు గాని, నిజము చెప్పని యంగడికి మన పైకము పంపకుండుట మన చేతిలోనే యున్నది.